స్టీలు గ్లాసు మీద చెంచా

పది రోజుల విపశ్యన ధ్యాన కోర్సులో పెన్నూ కాగితం దగ్గర ఉంచుకోనివ్వరు. కాబట్టి ఇది ఆ రోజుల్లో రాసింది కాదు. బయటికొచ్చాక, చిక్కడపల్లిలో మా పెద్దమ్మ కూతురి కూతురి గదిలో కూర్చుని గుర్తున్నంత మేరకు రాసుకున్నది. ఆరో రోజుది ఏడో రోజులోకి జరిగి ఉంటే ఆ పొరపాటు నాదే.

బయల్దేరిన రోజు

ఖమ్మంలో ఉదయం ఎనిమిది గంటల బస్సు ఎక్కాను. సూర్యాపేట దాటాక నిద్రపోయాను. ఎల్.బి.నగర్‌లో దిగేసరికి ఒంటిగంట అయింది. అక్కణ్ణించి సాగర్ రింగ్ రోడ్డు, హస్తినాపురం, బి.ఎన్.రెడ్డి నగర్ మీదుగా నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుని ఆటోలో వెళ్ళాను. ఎక్కడికో చెప్పగానే ఆటో అతను వెనక్కి తిరిగి, "పది రోజులు మాట్లాడకుండ ఉండేది గదేనా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "మా ఇంట్లోల్లను తోల్తే ఎంత తీస్కుంటరు?" అన్నాడు. ఏమీ తీసుకోరు, తిండికీ బసకీ కూడా డబ్బులుండవు, ఇంతకు ముందు కోర్సు చేసినవాళ్ళు ఇచ్చే విరాళాలతోనే నడుస్తుందని చెప్పాను. అతనికి నమ్మకం కుదరలేదు. ఫ్రీగా ఇచ్చేదేదైనా అనుమానించాల్సిందే అన్నట్టు చూసి, ఇరవై రూపాయలు ఎక్కువ అడిగాడు.

కుసుమ్ నగర్‌లోని ఈ ధమ్మఖేత్త కేంద్రం 1976 నుంచీ ఉంది. ఈ ధ్యానం నేర్పిన గోయెంకా గారు బర్మా నుంచి ఇండియాకు వచ్చింది 1969లో. పుట్టింది మాండలేలో, పెద్ద వ్యాపార కుటుంబం. ఏ మందుకూ లొంగని మైగ్రేన్ తలనొప్పి పట్టుకుని ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి వెళ్ళాడు. ఆయన రంగూన్‌లో ప్రభుత్వ ఉద్యోగి, అకౌంటెంట్ జనరల్. తలనొప్పి కోసమైతే రావద్దని ఆ గురువు మొదట చెప్పాడట. ఈ సంగతి నాకు నచ్చింది. ఎందుకంటే నేనూ దాదాపు తలనొప్పి లాంటి పని మీదే వెళ్ళాను.

మా అమ్మ పోయి పదమూడు నెలలు. ఆరేళ్ళు పక్షవాతంతో మంచాన ఉండి పోయింది. ఒక్కగానొక్క కూతుర్ని కాబట్టి ఆ ఆరేళ్ళూ నా దగ్గరే ఉంది. పోయిన రోజు నేను ఏడవలేదు. పదో రోజునా, సంవత్సరీకం నాడూ అంతే. బంధువులు గమనించారు. నేనూ గమనించాను. పది రోజులు నోరు మూసుకుని కూర్చుంటే ఆ ఏడుపేదో వచ్చేస్తుందని, వస్తే తేలికపడతానని లెక్క వేసుకున్నాను. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని.

ఫోన్, పర్సు లాకర్లో పెట్టించుకున్నారు. మానసిక సమస్యలేమైనా ఉన్నాయా, మందులు వాడుతున్నారా అని దరఖాస్తులో అడిగినవే మళ్ళీ అడిగారు. ఆ సాయంత్రం పంచశీలాలు, అంటే అయిదు నియమాలు, చెప్పించారు. అప్పటి నుంచి మౌనం. మాటలే కాదు, కళ్ళతో పలకరించుకోవడం కూడా ఉండకూడదు.

మొదటి రోజు

తెల్లవారుజామున నాలుగింటికి గంట. ఒక సేవిక చేతిగంట మోగించుకుంటూ గదుల ముందు నుంచి వెళుతుంది. నేను "వస్తున్నానమ్మా!" అని అరిచి మంచం దిగాను. చెప్పులు వెతుక్కుంటూ ఉండగా అర్థమైంది ఎక్కడున్నానో. పక్క మంచం అమ్మాయి దుప్పటి లోంచి బిత్తరపోయి చూస్తోంది. మౌనం మొదలై పన్నెండు గంటలు కాలేదు, అప్పుడే భంగం చేశాను.

అమ్మకు మాట పోయాక, రాత్రిళ్ళు నన్ను పిలవడానికి మంచం పక్కన స్టీలు గ్లాసు, చెంచా పెట్టాను. కుడి చెయ్యి పనిచేసేది. చెంచాతో గ్లాసు మీద టంగ్ టంగ్ మని కొట్టేది. పక్క మార్చడానికీ, దోమలకీ, మంచినీళ్ళకీ, ఒక్కోసారి ఏమీ లేకపోయినా. పదమూడు నెలలుగా ఆ గ్లాసు వంటింట్లో మామూలు గ్లాసుల్లో కలిసిపోయి ఉంది. దానికి పడిన సొట్టలు చూసి గుర్తుపట్టగలను.

మొదటి మూడు రోజులూ ఆనాపాన. ముక్కు దగ్గర ఊపిరి వస్తోందీ పోతోందీ అని గమనించడం, అంతే. లెక్కపెట్టకూడదు, మంత్రం కూడదు. ఇంత తేలికైన పని నా వల్ల పది సెకన్లు కూడా కాలేదు. ఏవేవో గుర్తొచ్చాయి. రేషన్ షాపులో వేలిముద్ర పడకపోవడం, టెన్త్ పరీక్షల డ్యూటీలు, అమ్మ మాత్రల వరుస: ఉదయం బీపీది, రక్తం పలచబడేది, రాత్రి ఫిట్స్‌ది. దుఃఖం వస్తుందేమోనని మధ్య మధ్యలో లోపలికి తొంగి చూసుకున్నాను. పాలు పొంగాయా అని చూసినట్టు. లేదు.

రెండు, మూడు రోజులు

వచ్చింది కోపం. అదీ అమ్మకు సంబంధించిన పెద్ద సంగతి మీద కాదు. పరామర్శకు వచ్చిన ఒక బంధువు సోఫాలో కూర్చుని కాఫీ తాగుతూ, "పోన్లే, పుణ్యాత్మురాలు, ఎక్కువ ఇబ్బంది పెట్టకుండా పోయింది" అంది. ఆరేళ్ళు! ఆ రోజు నేను తల ఊపి, ఇంకొంచెం పంచదార వెయ్యమంటారా అని అడిగాను. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఆమెకు జవాబులు చెప్పడం మొదలుపెట్టాను. ఒకటి చెప్పి, దాన్ని దిద్ది, ఇంకొంచెం పదును పెట్టి మళ్ళీ చెప్పాను. రెండు రోజుల్లో పదిహేను గంటలైనా ఆమెతోనే గడిపి ఉంటాను. అంత సేపు నేను ఎవరితోనూ మాట్లాడి ఎరగను.

కోపానికి ఆమె ఒక్కతే సరిపోలేదు. నా ముందు ఆసనంలో కూర్చున్నావిడ గాజులు కదిలినప్పుడల్లా గలగలమనేవి. గాజులు తీసి రమ్మని చెప్పాలి కదా అని కేంద్రం మీద కోపం. భోజనం వరసలో నెమ్మదిగా వడ్డించుకునేవాళ్ళ మీద కోపం. నన్ను నేను నెమ్మదైన మనిషిననుకుంటాను. స్కూల్లో పిల్లలూ అలాగే అనుకుంటారు.

మూడో రోజు మధ్యాహ్నం హాలంతా నిశ్శబ్దంగా ఉండగా ఎక్కడో వెనకాల ఎవరికో తేన్పు వచ్చింది. చిన్న తేన్పు కాదు, సుదీర్ఘమైనది, మధ్యలో ఒక మలుపు కూడా ఉంది. నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామని చున్నీ నోట్లో కుక్కుకున్నాను. భుజాలు ఊగిపోతున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు. గాజులావిడ గాజులు కూడా గలగలమంటున్నాయి, అంటే ఆమె కూడా నవ్వుతోందన్నమాట. లేచి బయటికి వచ్చి వేపచెట్టు దగ్గర నిలబడి మరికాసేపు నవ్వాను. అలా నవ్వి ఎన్నేళ్ళయిందో గుర్తు చేసుకోబోయి, మానేశాను.

నాలుగో రోజు

ఈ రోజు అసలు విపశ్యన నేర్పారు. మాడు నుంచి కాలి వేళ్ళ దాకా ఒక్కో భాగం మీదికీ మనసు పోనిచ్చి, అక్కడ ఏం తెలుస్తోందో చూడడం. దురద, వేడి, బరువు, పొడుపు, ఏదైనా సరే. మంచిదైతే పట్టుకోకుండా, చెడ్డదైతే తోసెయ్యకుండా చూస్తూ ఉండాలి. అన్నీ అనిత్యం. ఇప్పటి నుంచి రోజుకు మూడుసార్లు గంట సేపు కదలకుండా కూర్చోవాలి. దీన్ని అధిష్ఠానం అంటారు. కొన్నిచోట్ల ఏమీ తెలియకపోవచ్చు, అక్కడ కాసేపు ఆగి ముందుకు సాగండి అని రికార్డు చేసిన గోయెంకా గారి గొంతు, ఆ తర్వాత తెలుగు అనువాదం.

కుడి కాలు అయింది. ఎడమ కాలికి వచ్చాను. తొడ దగ్గర ఏమీ తెలియలేదు. మోకాలు, పిక్క, పాదం, ఎక్కడా ఏమీ లేదు. ఆగాను. అయినా లేదు. అమ్మకు పోయింది ఎడమ వైపే. డాక్టరు అరికాలి మీద తాళంచెవి మొనతో గీసి, "తెలుస్తోందా అమ్మా?" అని అడిగేవాడు, ఆమె కళ్ళు నా వైపు తిరిగేవి. నాకు చెమటలు పట్టేశాయి. గుండె దడ. నాకూ వచ్చేసిందనే అనుకున్నాను. అధిష్ఠానం అంతటితో సరి. కళ్ళు తెరిచి, రెండు చేతులతో కాలిని ఎత్తి పక్కన పెట్టుకున్నాను.

తిమ్మిరి. నలభై నిమిషాలు బాసింపట్టు వేసుకు కూర్చుంటే ఎవరికైనా పట్టే తిమ్మిరి. రక్తం పారడం మొదలై చీమలు పాకుతున్నట్టు అవుతుంటే, ఆ చీమల్ని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలవాలన్నంత ఇష్టం కలిగింది.

అయిదో రోజు

ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిది వరకు అధిష్ఠానం. ఇక్కడ జరిగింది రాయడానికే మిగతాదంతా రాస్తున్నాను.

అరగంట గడిచింది. నడుం నొప్పి ఎప్పటిలాగే ఉంది. ఛాతీ మీద, ఎముక వెనకాల, చిన్నగా ఏదో వదులైనట్టు తెలిసింది. బిగించిన చీర కుచ్చిళ్ళు సడలించినట్టు. ఆ వదులు పెద్దదై భుజాల్లోకి వెళ్ళింది. దాని వెంట సంతోషం. ఎందుకో తెలియని సంతోషమైతే నేనూ ధ్యానం ఫలించిందనుకునేదాన్ని. దీనికి కారణం వెంటనే తెలిసిపోయింది. మాట రూపంలోనే వచ్చింది: అమ్మ పోయింది. ఇంక రాత్రిళ్ళు లేవనక్కర్లేదు.

ఆ మాట ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను. స్కూల్ నుంచి పరుగున రానక్కర్లేదు. గొట్టంలోంచి గంజి పోస్తూ పొరబోతుందేమోనని హడలిపోనక్కర్లేదు. రెండు గంటలకోసారి పక్క మార్చడం, పడక పుండు కడగడం, ఆయా మానేస్తే ఇంకో ఆయా కోసం ఊరంతా అడగడం, ఏదీ లేదు. ఎండాకాలం సెలవుల్లో ఎక్కడికైనా వెళ్ళొచ్చు. నేను వెళ్ళానుగా, ఇదిగో ఇక్కడికే వచ్చాను! నవ్వుతున్నానని కూడా తెలిసింది, ఎందుకంటే బుగ్గల్లో తెలుస్తోంది.

తర్వాత రెండు నిమిషాలకో మూడు నిమిషాలకో, చన్నీళ్ళు పోసినట్టు సిగ్గు. కన్నతల్లి పోయినందుకు సంతోషపడుతున్న మనిషిని నేను. కడుపులో తిప్పింది. ఏడుపు కోసం వచ్చాను, ఇది దొరికింది.

మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఆచార్యుల్ని కలవొచ్చు. పేరు రాసుకుంటారు, వంతు వస్తుంది. పెద్దావిడ, తెలుగు మనిషే. కింద కూర్చుని అంతా చెప్పేశాను. అయిదు రోజుల తర్వాత నోరు తెరిస్తే గొంతు వేరేవాళ్ళదిలా ఉంది. చెప్పి, ఆమె ఏమంటుందో అని ఎదురుచూశాను. తప్పు కాదమ్మా అంటుందా, మాతృఋణం గురించి చెబుతుందా. రెండింటికీ సిద్ధంగా ఉన్నాను.

"ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?" అంది.

"ఏదండీ?"

"ఆ సిగ్గన్నారు కదా. ఇప్పుడు ఎక్కడుంది?"

కడుపులో, కుడి పక్క, అన్నాను. అలాగే ఉందా, మారుతోందా అని అడిగింది. చూశాను. మారుతోంది. "ఊ. చూస్తూ ఉండండి. బాగా భోజనం చెయ్యండి" అంది. అయిపోయింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

బయటికి వచ్చాక కోపం వచ్చింది. ఇంత చెబితే ఇంతేనా? మంచం మీద పడుకుని, ఈవిడకు అమ్మ ఉందా లేదా అని కూడా ఆలోచించాను. సాయంత్రానికి గానీ తోచలేదు, ఆరేళ్ళలోనూ, ఆ తర్వాత కూడా, తీర్పు చెప్పకుండా నా మాట విన్నవాళ్ళలో ఆమె మొదటిదని.

ఆరో రోజు

పక్క మంచం ఖాళీ. పరుపు మడత పెట్టి ఉంది. ఆ అమ్మాయి అంతకు ముందు రెండు రాత్రులూ నిద్రపోలేదు, నాకు తెలుసు. కూర్చుని ఉండేది, వేళ్ళు వణికేవి. నేను పలకరించలేదు. నియమం కదా. ఆచార్యులతో మాట్లాడి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. వెళ్ళి మంచి పని చేసింది. పది రోజులూ పూర్తి చెయ్యడమే గొప్ప అన్నట్టు మాట్లాడేవాళ్ళతో నాకు పేచీ. అందరికీ అన్ని మందులూ పడవు. నేనైనా ఆ రోజు ఎల్.బి.నగర్‌లో ఖమ్మం బస్సు ఎన్నింటికి ఉంటుందని లెక్కలు వేస్తూనే కూర్చున్నాను.

ఏడో రోజు

సాయంత్రం అయిదింటికి మరమరాలు, టీ, ఒక అరటిపండు ఇస్తారు. ఇక మర్నాటి దాకా ఏమీ ఉండదు కాబట్టి అందరం ఆ పండు కోసం కాచుకుని ఉంటాం. ఏడో రోజు నేను తొక్క వొలిచి నోటి దాకా తెచ్చి ఆగిపోయాను.

అమ్మకు అరటిపండంటే ప్రాణం. మింగడం పోయాక డాక్టర్లు వద్దన్నారు, ఊపిరితిత్తుల్లోకి పోతుందని. అన్నీ గొట్టంలోనే. ఒకసారి నేను ఆమె ఎదురుగా కూర్చుని, ఏదో ఆలోచిస్తూ, అరటిపండు తిన్నాను. తల తిప్పి చూస్తే చెంచా పట్టుకుని నన్నే చూస్తోంది. గ్లాసు మీద కొట్టలేదు. ఆ తర్వాత నేను పళ్ళన్నీ వంటింట్లోనే, నిలబడి తినేసేదాన్ని.

చేతులు కడుక్కునే చోట కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. పదమూడు నెలలు ఆలస్యంగా, ఒక పండు మీద. ఏడుస్తూ ఉండగానే, హమ్మయ్య వచ్చింది అని ఒకవైపు అనుకోవడం కూడా తెలుస్తూనే ఉంది. ఎవరో వచ్చి పక్క కుళాయి తిప్పారు. చూడలేదు, కానీ గాజుల చప్పుడు వినిపించింది. చాలా సేపు రెండు కుళాయిలూ పారాయి. నీళ్ళు వృథా అని ఇద్దరికీ తోచలేదు.

తేలికపడ్డానా? లేదు. తలనొప్పి వచ్చింది.

ఎనిమిది, తొమ్మిది

ఎనిమిదో రోజు తల నుంచి కాళ్ళ దాకా సన్నటి ప్రవాహం లాంటిది తెలిసింది, మహా హాయి. తొమ్మిదో రోజు దాని కోసమే కూర్చున్నాను, రాలేదు, అలిగాను. ఇలాంటిదానికి ఆశపడొద్దని ముందు రోజే ప్రసంగంలో చెప్పారు. విన్నాను కూడా. అయినా ఆశ ఆశే.

పదో రోజు

ఉదయం మైత్రీభావన నేర్పాక మౌనం తీసేశారు. ఒక్కసారిగా అందరూ మాట్లాడుతుంటే చెవులు పగిలిపోయాయి. అందరి క్షేమమూ కోరుకోమన్నారు. సోఫాలో కూర్చుని కాఫీ తాగినావిడ దాకా వచ్చి ఆగాను. సగం కోరుకున్నాను. మిగతా సగం ఇంకా నా దగ్గరే ఉంది.

గాజులావిడది మిర్యాలగూడ. "మీరు తేన్పుకు నవ్వినావిడ కదా" అంది మొదటి మాటగా. కుళాయి సంగతి నేను అడగలేదు, ఆమే చెప్పింది: ఆమెకు వచ్చింది భయమట. పెళ్ళయిన కొత్తలో మానేసిన ఉద్యోగం గురించి, ఇరవై రెండేళ్ళ తర్వాత. ఇంకొకామె మా మాటలు విని, "మనసులో పేరుకున్న పాత సంస్కారాలు పైకొచ్చి కడుక్కుపోతున్నాయి, అదృష్టవంతులు" అంది. అలా అనుకోవడం బాగానే ఉంటుంది. కానీ నా అయిదో రోజు సంతోషాన్ని మురికి అనడానికి నాకు మనసొప్పడం లేదు. కడుక్కుపోతే పోనీ అనుకోవడానికీ ఒప్పడం లేదు. ఆరేళ్ళు ఒళ్ళు అరగదీసుకుని సంపాదించుకున్నది అది.

పదకొండో రోజు

పొద్దున్నే విరాళం ఇచ్చి, గది ఊడ్చి, ఫోన్ తీసుకుని బయటపడ్డాను. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, ఎం.జి.బి.ఎస్.లో మారి, చిక్కడపల్లిలో దిగాను. మా పెద్దమ్మ కూతురి కూతురు అక్కడ గది తీసుకుని సైకాలజీ చదువుతోంది. పది రోజుల సంగతీ చెబితే, "పిన్నీ, ఇది కొత్తేం కాదు" అని ఫోన్‌లో చూపించింది. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ళు ధ్యానం చేసేవాళ్ళనీ, నేర్పేవాళ్ళనీ ఇంటర్వ్యూలు చేసి 2017లో వేసిన అధ్యయనం. ధ్యానంలో ఎదురయ్యేవాటిని 59 రకాలుగా విడదీశారు. భయం, కోపం, ఏడుపు, నవ్వు, సంతోషం, అన్నీ ఉన్నాయి. కొందరికి అవి నెలల తరబడి వదలకుండా బాధపెట్టాయట. పక్క మంచం అమ్మాయి గుర్తొచ్చింది. పేరు కూడా తెలియదు.

సాయంత్రం దోమలగూడ రామకృష్ణ మఠానికి నడిచి వెళ్ళాం. పుస్తకాల షాపులో పతంజలి యోగసూత్రాలు తిరగేస్తుంటే మొదటి పాదంలో ముప్ఫై ఒకటో సూత్రం కనబడింది. మనసు చెదిరినప్పుడు వెంట వచ్చేవి: దుఃఖం, దౌర్మనస్యం అంటే మనసు కుంగిపోవడం, ఒళ్ళు వణకడం, ఊపిరి గతి తప్పడం. వేళ్ళు వణకడం సంగతి అన్ని వందల ఏళ్ళ క్రితమే ఎవరో కూర్చుని గమనించి రాశారు. వరస మొత్తం చూశాను. అందులో సంతోషం లేదు. దానికి ఇంకో చోటుంటుందేమో చూడాలని పుస్తకం కొన్నాను.

ఇందిరా పార్కు పక్క నుంచి ట్యాంక్‌బండ్ మీదికి వచ్చేసరికి దీపాలు వెలిగాయి. నీళ్ళ మధ్యలో బుద్ధుడు. 1990లో పడవ మీద తీసుకెళ్తుంటే హుస్సేన్ సాగర్‌లో పడిపోయిందా విగ్రహం, మనుషులు కూడా చనిపోయారు. రెండేళ్ళకు పైగా అడుగున ఉండి, 1992 డిసెంబరులో పైకి వచ్చి నిలబడింది. ఆ మరుసటి ఏడు విగ్రహం చూపించడానికి అమ్మ నన్ను తీసుకొచ్చింది. నేను డిగ్రీ చదువుతున్నాను. బుద్ధుణ్ణి ఎగాదిగా చూసి, "అన్నాళ్ళు నీళ్ళలో ఉన్నా మొహం ఏం మారలేదే" అంది. తర్వాత అరటిపళ్ళ బండి ఎక్కడుందని వెతికింది.

ఇది మా పిల్లకు చెబుతున్నాను. వెనకాల సైకిల్ మీద చాయ్ అమ్మే కుర్రాడు చెంచాతో గ్లాసు మీద టంగ్ టంగ్ మని కొట్టుకుంటూ వచ్చాడు. నేను బెంచీ మీద నుంచి సగం లేచాను.

"ఏమైంది పిన్నీ?"

"ఏం లేదే. టీ తాగుదామా?" అన్నాను.